ట్రాక్టరు వెనక ఎక్కువ లోడు: ఫైన్ సంగతి తర్వాత, ముందు ఈ కాగితాలు చూసుకోండి

ట్రాక్టరు లాగుతోంది కదా అని వేసేస్తాం. ఇసుక కోసం ట్రక్కు పక్క పలకల మీద ఇంకో అడుగు ఎత్తు రేకు కట్టిస్తాం, కోతల రోజుల్లో మబ్బు పట్టిందంటే రెండు ట్రిప్పుల బస్తాలు ఒకే ట్రిప్పులో సర్దేస్తాం, ఇంజను మొరాయించకుండా కదిలితే బరువు సరిపోయిందనే అనుకుంటాం. కానీ ఇంజను లాగగలిగే బరువు వేరు, బ్రేకులు ఆపగలిగే బరువు వేరు, ఆర్సీలో రాసి ఉన్న బరువు వేరు. ప్రమాదం జరిగాక పోలీసులు, ఇన్సూరెన్స్ సర్వేయరు, కోర్టు చూసేది ఆర్సీలో ఉన్నదాన్నే.

ట్రక్కు అని నేను రాస్తున్నది ట్రాక్టరు వెనక తగిలించే బండిని. తెలంగాణ వైపు ట్రాలీ అనో డబ్బా అనో అంటారు. లారీ వాళ్లకు ఈ రూల్స్ చాలావరకు తెలుసు, రోజూ చెక్‌పోస్టులు దాటాలి కాబట్టి. ఊళ్లో ఒకటే ట్రాక్టరు, ఒకటే ట్రక్కు పెట్టుకుని సొంత పనికీ, అప్పుడప్పుడు పక్కవాళ్ల పనికీ తిప్పేవాళ్లకే తెలియవు. ఇది వాళ్ల కోసం రాస్తున్నాను.

ముందే ఒక మాట. అందరూ అడిగేది "పట్టుకుంటే ఫైన్ ఎంత?" అని. ఈ మొత్తం వ్యవహారంలో ఫైనే అన్నిటికంటే చిన్న నష్టం.

1. నాలుగు కాగితాలు బయటికి తీయండి

ట్రాక్టరు ఆర్సీ, ట్రక్కు ఆర్సీ, ఇన్సూరెన్స్ పాలసీ, ట్రాక్టరుతో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకం. చాలా ఇళ్లలో ఈ రెండో కాగితమే ఉండదు. ఊరి పక్కన వెల్డింగ్ షాపులో చేయించిన ట్రక్కుకు రిజిస్ట్రేషన్ ఎందుకులే, ట్రాక్టరుకు ఉంది కదా అనుకుంటారు. మోటారు వాహనాల చట్టం, 1988లో మోటారు వాహనం అనే మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ట్రైలర్ కూడా ఉంది. అంటే చట్టం దృష్టిలో మీ దగ్గర ఉన్నవి రెండు వాహనాలు. రెండింటికీ రిజిస్ట్రేషన్ కావాలి, రెండింటికీ ఇన్సూరెన్స్ కావాలి. ట్రక్కు నంబరు దాని పక్కన కనబడాలి, లాగే ట్రాక్టరు నంబరు ట్రక్కు వెనక కనబడాలి. రెండు ట్రక్కులు తగిలిస్తే చివరిదాని వెనక.

ట్రక్కు ఆర్సీలో రెండు అంకెలు వెతకండి. ఖాళీ బరువు ఒకటి, లోడుతో కలిపి గరిష్ఠంగా ఉండగల మొత్తం బరువు ఇంకొకటి. రెండోదాంట్లోంచి మొదటిది తీసేస్తే మీరు వేయగలిగిన సరుకు బరువు వస్తుంది. కంపెనీ పుస్తకంలో ట్రాక్టరు రోడ్డు మీద లాగగల ట్రక్కు బరువు ఎంతో చూడండి, కనబడకపోతే డీలరును అడిగి రాయించుకోండి. ట్రక్కు ఆర్సీలోని మొత్తం బరువు, ట్రాక్టరు లాగగల ట్రక్కు బరువు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే దాంట్లోంచి ట్రక్కు ఖాళీ బరువు తీసేయగా మిగిలేదే మీ సరుకు హద్దు. హార్స్ పవర్ పెద్దది కదా అని ట్రక్కు హద్దు పెరగదు, ట్రక్కు పెద్దది కదా అని ట్రాక్టరు హద్దూ పెరగదు.

2. మీ లోడు నిజంగా ఎంత తూగుతుందో లెక్క వేయండి

కంటికి ఆనే లెక్క ఇక్కడ పూర్తిగా తప్పుతుంది. ఒక ఉదాహరణ తీసుకుందాం. ట్రక్కు ఆర్సీలో మొత్తం బరువు 5,000 కిలోలు, ఖాళీ బరువు 1,400 కిలోలు అనుకోండి. వేయగలిగింది 3,600 కిలోలు. కోస్తాలో 75 కిలోల ధాన్యం బస్తా లెక్కన 48 బస్తాలు, తెలంగాణ కొనుగోలు కేంద్రాల 40 కిలోల బస్తా అయితే 90. ఇటుక ఒక్కోటి 3 కిలోలనుకుంటే 1,200 ఇటుకలు.

ఇసుక దగ్గరే అందరూ దెబ్బతింటారు. పది అడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న ట్రక్కులో 120 ఘనపు అడుగులు పడుతుంది. పొడి ఇసుక ఘనపు అడుగుకు సుమారు 45 కిలోలు. అంటే పలకల అంచు దాకా సమంగా నింపినా 5,400 కిలోలు, మన హద్దుకు ఒకటిన్నర రెట్లు. ఏట్లోంచి అప్పుడే తీసిన తడి ఇసుకైతే ఆరు టన్నులు దాటిపోతుంది. ఇంకా కుప్ప పోయలేదు, పైన రేకు కట్టలేదు. ట్రక్కు నిండలేదు కాబట్టి ఓవర్‌లోడ్ కాదు అనుకునే రైతు ఇక్కడే మోసపోతాడు.

అందుకే ఒక్కసారి కాటా వేయించండి. మీరు ఎప్పుడూ తోలే సరుకుతో, ఎప్పుడూ వేసే ఎత్తు దాకా వేసి, వే బ్రిడ్జి మీదికి ఎక్కించి, ఆ చీటీ దాచుకోండి. పలక లోపల ఏ గీత దాకా వేస్తే హద్దు లోపల ఉంటుందో పెయింటుతో గీత గీయండి. కూలీలకూ డ్రైవరుకూ ఆ గీత చూపిస్తే చాలు, ప్రతిసారీ లెక్క చెప్పక్కర్లేదు. పలకలకు రేకు కట్టించి ఎత్తు పెంచడం కూడా ఊరికే పోయే సంగతి కాదు. ఆర్సీలో లేని మార్పు వాహనానికి చేయిస్తే యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల ఫైన్ గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడవచ్చని మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణలో పెట్టారు.

ఎండుగడ్డి, పత్తి లాంటి వాటికి బరువు సమస్య లేదు, వెడల్పు సమస్య. సరుకు పక్కలకో వెనక్కో పొడుచుకు వచ్చినా, ఎత్తు హద్దు దాటినా దానికీ 20,000 ఫైన్ ఉంది. రాత్రిపూట గడ్డి ట్రాక్టరును ఎదుటి నుంచి వచ్చే మోటారు సైకిల్ వాడు అంచనా వేయలేడు, వాడికి కనబడేది రెండు లైట్లే.

3. చట్టం ఏమంటుందో ఒకసారి చదవండి

మోటారు వాహనాల చట్టం 113వ సెక్షన్ ప్రకారం ఆర్సీలో ఉన్న మొత్తం బరువు దాటి ఏ వాహనాన్నీ, ఏ ట్రైలర్‌నూ నడపకూడదు, నడవనివ్వకూడదు. "నడవనివ్వకూడదు" అన్న మాట యజమాని కోసం. అదే సెక్షన్‌లో ఇంకో సంగతి ఉంది. నడిపేవాడు యజమాని కాకపోతే, యజమానికి తెలిసే లేదా అతను చెప్తేనే ఇలా జరిగిందని కోర్టు భావించవచ్చు. "నేను ఇంట్లో ఉన్నాను, డ్రైవరు ఎంత వేశాడో నాకేం తెలుసు" అంటే కుదరదు. తెలియదని మీరే నిరూపించుకోవాల్సి వస్తుంది.

114వ సెక్షన్ ప్రకారం అనుమానం వస్తే అధికారి మీ బండిని కాటాకు తీసుకెళ్లమనవచ్చు. మీరు వెళ్లే దారిలో పది కిలోమీటర్ల లోపు గానీ, చేరాల్సిన చోటికి ఇరవై కిలోమీటర్ల లోపు గానీ కాటా ఉంటే వెళ్లి తీరాలి. ఎక్కువ తూగితే 194వ సెక్షన్ కింద 20,000 రూపాయలు, ఆ పైన ఎక్కువైన ప్రతి టన్నుకు 2,000. మూడు టన్నులు ఎక్కువైతే 26,000. ఎక్కువైన సరుకు అక్కడే దించాలి, దించే ఖర్చు మీదే, దించేదాకా బండి కదలకూడదు. ఆపమన్నా ఆపకపోయినా, కాటాకు రానన్నా 40,000. ఈ రేట్లు 2019 సెప్టెంబరు 1 నుంచి ఉన్నాయి. కోర్టుకు పోకుండా అక్కడికక్కడే కట్టే రాజీ రుసుము మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, మీ జిల్లా రవాణా ఆఫీసులో అడగండి.

ప్రాణం పోతే అది వేరే కేసు. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద నిర్లక్ష్యంతో ప్రాణం తీస్తే ఐదేళ్ల దాకా శిక్ష పడవచ్చు. దీనికి ముందున్న పాత ఐపీసీలో రెండేళ్లు ఉండేది. హద్దుకు రెండింతలు లోడు వేసుకుని బయల్దేరాడు అన్నది నిర్లక్ష్యానికి ఎదుటి లాయరు చూపించే మొదటి రుజువు.

4. పాలసీలో మూడు చోట్ల వేలు పెట్టి చదవండి

మా ఇంట్లో చాలా ఏళ్లు ట్రాక్టరు పాలసీ మీద ట్రక్కు నంబరు లేదు. ఏటా రెన్యువల్ చేయించాం, డబ్బు కట్టాం, కాగితం బీరువాలో పెట్టాం. ఒకసారి మా బాబాయి ఊరి మలుపులో ట్రక్కు పక్కకు ఒరిగి కరెంటు స్తంభాన్ని కొడితే తప్ప ఎవరూ ఆ కాగితం తెరిచి చూడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు కాబట్టి స్తంభం డబ్బులు కట్టి బయటపడ్డాం. ఆ రాత్రి పాలసీ చదువుతుంటే, స్తంభం స్థానంలో మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో అర్థమై నాకు నిద్ర పట్టలేదు. ఇదంతా రాయడానికి అసలు కారణం అదే.

మొదటి చోటు: ట్రక్కు పేరు ఉందా. పాలసీలో ట్రక్కు నంబరు లేదా చాసిస్ నంబరు విడిగా రాసి, దానికి విడిగా ప్రీమియం వేసి ఉండాలి. లేకపోతే ప్రమాదం ట్రాక్టరు వల్ల కాదు, మా పాలసీలో లేని ట్రక్కు వల్ల జరిగిందని కంపెనీ వాదిస్తుంది. ఈ వాదన మీద కోర్టుల్లో తీర్పులు రెండు వైపులా ఉన్నాయి. మన కేసు ఏ వైపు పడుతుందో అని ఏళ్ల తరబడి టెన్షన్ పడేకంటే ఆ కాస్త ప్రీమియం కట్టడం మేలు.

రెండో చోటు: దేనికి వాడవచ్చు. చాలా ట్రాక్టరు పాలసీల్లో "వ్యవసాయ, అటవీ పనులకు మాత్రమే" అని, కిరాయికి వాడితే వర్తించదని ఉంటుంది. మీ పొలం ధాన్యం మీరు తోలుకోవడం వ్యవసాయమే. పక్కింటివాళ్ల ఇల్లు కడుతుంటే ట్రిప్పుకు ఇంత అని తీసుకుని ఇసుకో ఇటుకో తోలితే అది కిరాయి. వ్యాపారానికి కూరగాయలు తరలించడం కూడా వ్యవసాయం కిందికి రాదని 2004లో సుప్రీంకోర్టు ఒక ట్రాక్టరు కేసులో చెప్పింది. కిరాయి పని నిజంగా చేసేవాళ్లు దాచి ప్రయోజనం లేదు. ట్రాక్టరును, ట్రక్కును ఆ వాడకానికి రిజిస్టర్ చేయించి, పర్మిట్, ఫిట్‌నెస్ తీసుకుని, ఆ వాడకమే పాలసీలో రాయించుకోండి. ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు కిరాయిలో కలపండి.

మూడో చోటు: ఏవి చెల్లించరు. కమర్షియల్ వాహనాల ప్యాకేజీ పాలసీల్లో, సొంత బండికి జరిగిన నష్టం భాగంలో, ఓవర్‌లోడ్ వల్ల గానీ వాహనం మీద మితిమీరిన ఒత్తిడి వల్ల గానీ కలిగిన నష్టానికి బాధ్యత లేదని ఒక వాక్యం ఉంటుంది. ఇరుసు విరిగినా, హుక్కు ఊడినా, ట్రాక్టరు ముందుభాగం లేచి వెనక్కి తిరగబడినా సర్వేయరు మొదట వెతికేది కాటా చీటీ, వే బిల్లు, రోడ్డు మీద పడ్డ సరుకు. చట్టం అనుమతించిన దానికంటే ఎక్కువ ట్రక్కులు లాగుతున్నప్పుడు వర్తించదన్న షరతు కూడా ఉంటుంది, చెరకు సీజన్‌లో రెండేసి తగిలించేవాళ్లు ఇది గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ ఒక తేడా బాగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే ఏజెంట్లు కూడా దీన్ని కలిపేసి చెప్తారు. ఓవర్‌లోడ్ అనగానే అన్నీ పోవు. రోడ్డు మీద వెళ్తున్న బయటి మనిషికి గాయమైతే, ప్రాణం పోతే, థర్డ్ పార్టీ పరిహారం నుంచి కంపెనీ తప్పించుకోవడానికి చట్టంలో 150వ సెక్షన్ కొన్ని కారణాలే ఇచ్చింది. పర్మిట్ లేకుండా కిరాయికి తిప్పడం, పర్మిట్‌కు విరుద్ధంగా వాడటం, లైసెన్సు లేని డ్రైవరు లాంటివి అందులో ఉన్నాయి, ఎక్కువ బరువు అన్నది లేదు. కాబట్టి కేవలం బరువు ఎక్కువైందని బాధితుడి కుటుంబాన్ని ఖాళీ చేతులతో పంపడం కష్టం. కానీ ఆ బరువుతో పాటు కిరాయి కూడా ఉంటే కథ మారుతుంది. అప్పుడు కోర్టులు తరచుగా చేసేదేమిటంటే, ముందు కంపెనీని బాధితుడికి చెల్లించమంటాయి, తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమంటాయి. ఆ వసూలు మీ పొలం మీదికి, ఇంటి మీదికి వస్తుంది. ఎదుటివాళ్ల ఆస్తికి జరిగిన నష్టానికైతే కమర్షియల్ పాలసీల్లో సాధారణంగా 7.5 లక్షలే హద్దు, ఆ పైన ఎంతైనా మీదే.

సొంత బండి నష్టం విషయంలో కూడా కంపెనీ "ఓవర్‌లోడ్, క్లెయిమ్ సున్నా" అనగానే ఊరుకోవద్దు. 1996లోనూ 2016లోనూ సుప్రీంకోర్టు, బండిలో అనుమతికి మించి మనుషులు ఉన్నంత మాత్రాన క్లెయిమ్ మొత్తం కొట్టేయకూడదని, ప్రమాదానికి ఆ ఉల్లంఘనే కారణం కావాలని చెప్పింది. వెనక నుంచి లారీ వచ్చి గుద్దితే మీ లోడుకూ దానికీ సంబంధం ఏముంది? ఇలాంటి ఉల్లంఘనల్లో క్లెయిమ్‌ను 75 శాతం దాకా సెటిల్ చేసే పద్ధతిని 2010లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అమలు చేసింది, ఆ పద్ధతి తాలూకు పట్టికలో ఓవర్‌లోడ్ పేరు కూడా ఉంది.

5. ట్రక్కులో మనుషుల్ని ఎక్కించకండి

దీని గురించి మాత్రం నేను మెత్తగా చెప్పలేను. నాట్లకు, మిర్చి కోతలకు కూలీలను ట్రక్కులో తీసుకెళ్లడం మనకు ఎంత అలవాటంటే అది తప్పని కూడా అనిపించదు. పొద్దున్నే ఆడవాళ్లు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని నిలబడి ఉంటారు, సాయంత్రం అదే ట్రక్కులో మిర్చి బస్తాల మీద కూర్చుని వస్తారు. పెళ్లికీ, జాతరకూ కూడా అదే బండి. ట్రక్కు సరుకు కోసం రిజిస్టరైంది. అందులో కూర్చున్న మనిషి మామూలు పాలసీ లెక్కలో ఎక్కడా ఉండడు.

2007లో సుప్రీంకోర్టు ముందుకు ఇలాంటిదే ఒక కేసు వచ్చింది. ఇటుక బట్టీకి మట్టి తోలే ట్రాక్టరు, ట్రక్కుకు ఇన్సూరెన్స్ లేదు, ట్రాక్టరు పాలసీ వ్యవసాయానికి మాత్రమే, గాయపడింది కూలీ. కంపెనీకి బాధ్యత లేదని కోర్టు తేల్చింది. అయినా ఆ కూలీ పేదవాడని చూసి, తనకున్న ప్రత్యేక అధికారంతో కంపెనీని ముందు చెల్లించి యజమాని దగ్గర వసూలు చేసుకోమంది. ఆ అధికారం సుప్రీంకోర్టుకు మాత్రమే ఉంది. మీ జిల్లాలో పరిహారం తేల్చే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో అంత దయ దొరుకుతుందని నమ్ముకుని మనుషుల్ని ఎక్కించలేరు కదా. ఆటోకు అయ్యే డబ్బు కూలీ ఖర్చులో వేసుకోండి.

6. బండి తగిలించే ముందు

ఇది పది నిమిషాల పని. హుక్కు పిన్ను అరిగిందేమో చూసి, అది పైకి లేచి రాకుండా లాక్ వేసి, అదనంగా ఒక గొలుసు తగిలించండి. రెండు బ్రేకు పెడళ్లనూ కలిపే కొక్కెం వేయండి. దమ్ములో చక్రం తిప్పడానికి విడదీసిన పెడళ్లను అలాగే వదిలేసి రోడ్డెక్కితే, బ్రేకు తొక్కగానే ఒక చక్రమే ఆగి బండి అడ్డం తిరుగుతుంది. 45 హార్స్ పవర్ ట్రాక్టరు తానే దాదాపు రెండు టన్నులు. చాలా ట్రక్కులకు సొంత బ్రేకు ఉండదు కాబట్టి వెనక ఉన్న ఐదు టన్నులనూ ట్రాక్టరు వెనక చక్రాల బ్రేకులే ఆపాలి. దిగుడులో న్యూట్రల్ చేస్తే ఆ బరువు ట్రాక్టరును తోసుకుంటూ పోతుంది, చిన్న గేరులోనే దించండి.

రెండు చక్రాల ట్రక్కులో బరువు ఎక్కడ ఉందన్నది కూడా ముఖ్యం. మరీ ముందుకు వేస్తే హుక్కు మీద బరువు పడి ట్రాక్టరు ముందు చక్రాలు తేలిపోతాయి, స్టీరింగ్ పట్టదు. మరీ వెనక్కి వేస్తే హుక్కు పైకి లేస్తుంది. ఇరుసు మీద కాస్త ముందుకు ఉండేలా సర్దండి. వెనక రిఫ్లెక్టర్ టేపు, టెయిల్ లైట్లు ఉండాలి. డ్రైవరు లైసెన్సు ఫోటో మీ ఫోనులో ఉంచుకోండి.

7. ప్రమాదం జరిగితే

ముందు మనిషి. 108కి, 112కి ఫోన్ చేయండి. రోడ్డు ప్రమాద బాధితులకు ఏడు రోజుల వరకు, 1.5 లక్షల రూపాయల దాకా నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది, ఆసుపత్రిలో ఆ మాట అడగండి. జనం కొడతారన్న భయం నిజంగా ఉంటే డ్రైవరు నేరుగా పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి, పారిపోకూడదు. 24 గంటల్లోపు పోలీసులకు చెప్పాలి, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా వీలైనంత త్వరగా తెలియజేసి రిఫరెన్స్ నంబరు రాసుకోవాలి.

ఇక్కడ ఊళ్లో పెద్దలు రెండు సలహాలు ఇస్తారు. లోడు దించేసి ఖాళీ బండి అని చెప్పమంటారు, లైసెన్సు ఉన్న ఇంకొకడిని డ్రైవరుగా చూపించమంటారు. రెండూ చేయకండి. వచ్చే క్లెయిమ్ కూడా పోతుంది, పైన అబద్ధపు సాక్ష్యం కేసు అవుతుంది. బండి, రోడ్డు, సరుకు, టైరు గుర్తులు అన్నీ ఫోటోలు తీయండి. సర్వేయరు చూసేదాకా రిపేరు మొదలుపెట్టవద్దు.

క్లెయిమ్ కొట్టేస్తే కారణం రాతపూర్వకంగా అడగండి, ఫోనులో చెప్పింది చెల్లదు. ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల గడిచినా జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసుకు వెళ్లవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ అదే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, 50 లక్షల దాకా విచారిస్తారు, కంపెనీ జవాబు వచ్చిన ఏడాది లోపు వెళ్లాలి. లేదంటే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, దానికి గడువు రెండేళ్లు. ఇవి సొంత బండి నష్టం కోసం. బయటివాళ్ల పరిహారం సంగతి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో తేలుతుంది, అక్కడ నోటీసు రాగానే లాయరును పెట్టుకోండి. మీరు హాజరు కాకపోతే మీ తరఫు మాట వినేవాళ్లుండరు.

ఫిర్యాదుకు రెండు ఆర్సీలు, పాలసీ, లైసెన్సు, ఎఫ్ఐఆర్, ఫోటోలు, తిరస్కరణ లేఖ జత చేయండి. ఆ రోజు కాటా చీటీ ఉంటే దాన్ని అన్నిటికంటే పైన పెట్టండి.